అతన్ని నమ్మవచ్చా అని అడిగే ముందు

ప్రశ్న: మేడమ్, నా వయసు 17. ఇంటర్ బైపీసీ రెండో సంవత్సరం చదువుతున్నాను. తొమ్మిదో తరగతిలో ఉన్నప్పుడు మా స్కూల్లో ఒక అబ్బాయి అంటే నాకు ఇష్టం కలిగింది. ఆ సంగతి అతనికి ఎప్పుడూ చెప్పలేదు. నా ప్రాణస్నేహితురాలికి మాత్రం వాట్సాప్‌లో రాస్తూ ఉండేదాన్ని. ఒకసారి మా ఇద్దరికీ చిన్న విషయంలో మాటా మాటా పెరిగింది. ఆ కోపంలో ఆమె నా మెసేజ్‌లను స్క్రీన్‌షాట్లు తీసి క్లాస్ గ్రూపులో పెట్టేసింది. ఆ అబ్బాయి, అతని స్నేహితులు నా మాటలనే నా ఎదుట గొంతు మార్చి చదివి నవ్వారు. విషయం హెడ్మాస్టర్ దాకా వెళ్లి, నాన్నను పిలిపించారు. నాన్న నన్ను కొట్టలేదు, తిట్టలేదు. ఆ రోజు నుంచి నాతో మాట్లాడటం మానేశారు. అంతకుముందు రాత్రి అన్నం తినేటప్పుడు స్కూల్లో జరిగినవన్నీ నాతో చెప్పించుకుని వినేవారు. ఇప్పుడు ఫీజు ఎంత, సెలవులు ఎప్పుడు అని తప్ప ఏమీ అడగరు. పదో తరగతికి నన్ను అమ్మమ్మ దగ్గరికి పంపించారు. ఇంటర్ కూడా ఇక్కడే.

ప్రాక్టికల్స్‌లో నా బ్యాచ్‌లోనే ఉండే అబ్బాయి ఒకరు దసరా సెలవులకు ముందు నేనంటే ఇష్టమని చెప్పాడు. ‘సమాధానం ఇప్పుడే చెప్పనక్కర్లేదు, చెప్పకపోయినా రికార్డులు ఎప్పటిలాగే ఇస్తాను’ అన్నాడు. అన్నట్టుగానే ఇస్తున్నాడు. నాకూ అతనంటే ఇష్టమే. కానీ ఆ రోజు నుంచి అతను ఎదురుపడితే నా చేతులు చల్లబడుతున్నాయి. ముఖం తిప్పుకుని వెళ్లిపోతున్నాను. ఈ మధ్య ఒక పని చేశాను. అమ్మమ్మ తన పొలం అమ్మేస్తోందని, ఎవరికీ చెప్పవద్దని అతనికి ఒక అబద్ధం చెప్పాను. అది బయటికి వస్తుందేమోనని చూశాను. రాలేదు. అయినా నాకు నమ్మకం కుదరలేదు. ఇంకా పెద్దది ఏదైనా చెప్పి చూడాలనిపిస్తోంది. నేను చేస్తున్నది తప్పా? పాత విషయం అతనికి చెప్పాలా? అసలు అతన్ని నమ్మవచ్చా?
— ఓ పాఠకురాలు, పల్నాడు జిల్లా

జవాబు: అమ్మా, నీ ఉత్తరాన్ని ఇక్కడ చాలా కుదించి ప్రచురించాము. అసలు ఉత్తరంలో ఇద్దరు అబ్బాయిల గురించి నువ్వు రాసినదంతా కలిపినా, మీ నాన్నగారు అన్నం దగ్గర నీతో మాట్లాడటం మానేసిన సంగతి అంతకంటే ఎక్కువ జాగా తీసుకుంది. నువ్వు అడిగిన మూడు ప్రశ్నలలో ఆయన ప్రస్తావన ఒక్కసారి కూడా రాలేదు. నా జవాబు మాత్రం అక్కడి నుంచే మొదలు కావాలి.

క్లాసులో నలుగురూ నవ్వడం పద్నాలుగేళ్ల పిల్లకు చిన్న దెబ్బ కాదు. నలుగురిలో వెలివేసినట్టు అనిపించినప్పుడు కలిగే బాధ ఊహాజనితమైనదేమీ కాదని, ఒంటికి నొప్పి కలిగినప్పుడు మెదడులో చురుకయ్యే భాగాలలో ఒకటి అప్పుడు కూడా చురుకవుతుందని లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ పరిశోధకురాలు నయోమి ఐసెన్‌బర్గర్, ఆమె సహచరులు 2003లో ప్రచురించిన అధ్యయనం సూచించింది. అయితే అలాంటి దెబ్బ తిని ఇంటికి వచ్చిన పిల్లను ఇంట్లో ఒక్కరు దగ్గరకు తీసుకుని ‘ఏం జరిగిందో చెప్పు’ అని అడిగి ఉంటే, ఆ నవ్వులు నీ జీవితంలో ఒక చెడ్డ వారంగానో, ఒక చెడ్డ నెలగానో మిగిలి ఉండేవి. నీ విషయంలో అలా జరగలేదు. నీ మనసులోని మాట ఒకటి బయటపడింది. వెంటనే నీకు అందరికంటే ఇష్టమైన మనిషి నీకు దూరమయ్యాడు. ‘నాకు ఎవరైనా ఇష్టమని తెలిస్తే, నాకు ఇష్టమైనవాళ్లు నన్ను వదిలేస్తారు’ అన్న పాఠాన్ని నువ్వు నేర్చుకున్నది స్కూల్లో కంటే ఇంట్లోనే ఎక్కువ. ఈ అబ్బాయి నువ్వంటే ఇష్టమని చెప్పగానే నీ చేతులు చల్లబడటానికి కారణం అతనిలో వెతకవద్దు. పాత పాఠం అప్పజెప్పుకునే సమయం వచ్చిందని నీ ఒళ్లు అనుకుంటోంది, అంతే.

ముఖం తిప్పుకుని వెళ్లిపోతున్నందుకు నిన్ను నువ్వు పొగరుబోతునని నిందించుకున్నావు. బ్రిటన్‌కు చెందిన మానసిక వైద్యుడు జాన్ బౌల్బీ, బిడ్డకూ పెంచేవారికీ మధ్య ఏర్పడే అనుబంధం గురించి సిద్ధాంతం చేస్తే, ఆయనతో కలిసి పనిచేసిన మేరీ ఐన్స్‌వర్త్ దానిని అమెరికాలోని బాల్టిమోర్‌లో ఏడాది వయసు పిల్లలతో పరీక్షించి చూసింది. తల్లి కొద్ది నిమిషాల పాటు గది విడిచి వెళ్లి తిరిగి వచ్చినప్పుడు బిడ్డ ఏం చేస్తుందన్నది ఆమె గమనించిన విషయం. చాలామంది పిల్లలు ఏడ్చి, తల్లి ఎత్తుకోగానే సర్దుకున్నారు. కొందరు మాత్రం ఏడవలేదు, తల్లి తిరిగి వచ్చినా చూడనట్టే బొమ్మల వైపు తిరిగారు. చూసేవారికి ఆ పిల్లలు ఎంతో నిబ్బరంగా కనిపించారు. తర్వాతి కాలంలో పరిశోధకులు అటువంటి పిల్లల గుండె వేగాన్ని కొలిస్తే, పైకి నిబ్బరంగా ఉన్న ఆ పిల్లల గుండెలు కూడా ఏడ్చిన పిల్లల గుండెల్లాగే పరుగెత్తుతున్నాయని తేలింది. ముఖం తిప్పుకోవడం అంటే ఇష్టం లేకపోవడం కాదు. ఇష్టాన్ని చూపిస్తే ఏం జరుగుతుందో తెలియక దాచుకోవడం. పెద్దవాళ్ల ప్రేమలలో కూడా ఇదే తీరు కనిపిస్తుందని సిండీ హాజన్, ఫిలిప్ షేవర్ అనే ఇద్దరు మనస్తత్వవేత్తలు 1987లో ప్రతిపాదించారు, దానిమీద నేటికీ పరిశోధన సాగుతోంది. అలాగని రీల్స్ చూసి ‘నేను ఫలానా రకం’ అని నీకు నువ్వు ముద్ర వేసుకోవద్దు. ఈ మధ్య నా దగ్గరికి వచ్చే పిల్లలు తమ రాశి చెప్పినంత ధీమాగా తమ అనుబంధం ఏ రకానిదో చెబుతున్నారు. అది జాతకం కాదు, మారుతుంది. మేరీ మెయిన్ అనే మనస్తత్వవేత్త, ఆమె సహచరులు పెద్దవాళ్లను వారి బాల్యం గురించి అడిగి విన్నప్పుడు ఒక ముఖ్యమైన సంగతి బయటపడింది: బాల్యంలో ఏం జరిగిందన్న దానికంటే, జరిగినదాన్ని దాచకుండా, పెంచకుండా, ఒక క్రమంలో చెప్పగలుగుతున్నారా లేదా అన్నదే వారి ఇప్పటి అనుబంధాలతో ఎక్కువగా ముడిపడి ఉంది. నువ్వు నాకు రాసిన ఉత్తరం అలాంటి కథనమే. ఎవరినీ వెనకేసుకు రాకుండా, ఎవరినీ రాక్షసులను చేయకుండా రాశావు.

ఇప్పుడు నీ పరీక్ష సంగతి. అబద్ధం చెప్పి చూడటం ఘోరమైన తప్పు కాదు, నీ స్థితిలో ఉన్న పిల్ల అలా చేయడంలో నాకు ఆశ్చర్యమూ లేదు. కానీ అది నీకు కావలసిన దానిని తూచలేదు. అమ్మమ్మ పొలం కథ బయటికి వచ్చి ఉంటే అతను నోరు ఆపుకోలేడని తెలిసేది, నిజమే. బయటికి రాకపోయినా నీకు ఊరట కలగకపోవడానికి కారణం, ఆ రహస్యంలో నీది ఏమీ లేకపోవడం. అబద్ధాన్ని భద్రంగా దాచినంత మాత్రాన, నీ నిజాన్ని కూడా అలాగే దాస్తాడని నీ మనసు ఎలా ఒప్పుకుంటుంది? అందుకే ఇంకా పెద్దది చెప్పి చూడాలనిపిస్తోంది. దాని తర్వాత ఇంకా పెద్దది కావాలి. ఈ పరీక్షకు చివరి పేపరు ఉండదు. పైగా పరీక్ష రాస్తున్నానని ఆ అబ్బాయికి తెలియదు. ఏదో ఒక రోజు తెలిస్తే, నమ్మినందుకు మోసపోయానని ఈసారి అతను అనుకుంటాడు.

చేబదులు ఇచ్చేటప్పుడు మనవాళ్లు ఏం చేస్తారో చూసే ఉంటావు. కొత్తగా పరిచయమైన మనిషికి ఎవరూ మొదటే లక్ష రూపాయలు ఇవ్వరు, దొంగనోట్లు ఇచ్చి చూడటం కూడా చేయరు. పోయినా పరవాలేదనుకునే వంద రూపాయలు, నిజమైన వంద రూపాయలు ఇస్తారు. చెప్పిన రోజుకు తిరిగి వస్తే, తర్వాతిసారి ఇంకాస్త ఎక్కువ ఇస్తారు. నువ్వు కూడా అతనికి చిన్నదే అయినా నిజమైనది ఏదైనా చెప్పు. సంక్రాంతికి ఇంటికి వెళ్లాలంటే దిగులుగా ఉంటుందని చెప్పవచ్చు. జువాలజీ ప్రాక్టికల్స్‌లో పదిమంది ముందు మాట్లాడాలంటే నీకు గొంతు పెగలదని చెప్పవచ్చు. ఆ తర్వాత అతను ఆ మాటను ఏం చేశాడో చూడు. మర్నాడు స్నేహితుల ముందు దాని మీద జోకు వేశాడా? అలిగినప్పుడు దానినే నీ మీద విసిరాడా? లేక ‘దిగులు ఎందుకు, చెప్పు, చెప్పాల్సిందే’ అని తవ్వాడా? అవేమీ చేయకుండా విని ఊరుకున్నాడా? మనిషిని నమ్మడం అనేది ఒక రోజు కూర్చుని అవునో కాదో తేల్చే నిర్ణయం అనుకుంటున్నావు కాబట్టి నీకు అంత భయం వేస్తోంది. చిన్న చిన్న నిజాలతో నెలల తరబడి జరిగే పని అది, ఏ దశలోనైనా ఆపేసే హక్కు నీదే.

ఒక సంగతి అయితే ఇప్పటికే నీ ముందు ఉంది, నువ్వే దాన్ని రాసి, దాటేసి వెళ్లిపోయావు. నువ్వు జవాబు చెప్పకపోయినా రికార్డులు ఇస్తానన్నాడు, ఇస్తున్నాడు. ఒక అబ్బాయి మంచివాడా కాదా అని తెలుసుకోవడానికి అతను ‘ఇష్టం’ అని ఎలా చెప్పాడో చూడటం కంటే, ‘ఇప్పుడు కాదు’ అన్న మాటను ఎలా తీసుకున్నాడో చూడటం మేలని నా అభిప్రాయం. ఇష్టాన్ని చెప్పేటప్పుడు అందరూ అందంగానే చెబుతారు. ఇతను మౌనాన్ని కూడా మర్యాదగా తీసుకున్నాడు. ఇంతటితో అతను జీవితాంతం నమ్మదగినవాడని నేను హామీ ఇవ్వను, ఎవరూ ఇవ్వలేరు. రెండో అడుగు వేయడానికి మాత్రం ఇది చాలు.

ఎక్కడ ఆగాలో కూడా చెబుతాను. ఫోన్ పాస్‌వర్డ్ అడిగినా, ‘నమ్మకం ఉంటే ఫోటో పంపు’ అన్నా, ఎవరితో మాట్లాడుతున్నావో లెక్క చెప్పమన్నా, స్నేహితురాళ్లను దూరం చేసుకోమన్నా, నువ్వు కాదంటే ఏదైనా చేసుకుంటానని బెదిరించినా అక్కడితో ఆపేసి, ఆ రోజే ఒక పెద్దవారికి చెప్పాలి. ఇంట్లో చెప్పే పరిస్థితి లేకపోతే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఏ వేళలోనైనా ఫోన్ చేయవచ్చు. ఇంకొకటి, దీనిని సిగ్గుపడకుండా తెలుసుకో: 2012 నాటి పోక్సో చట్టం దృష్టిలో 18 ఏళ్లు నిండని వారందరూ పిల్లలే, ఆ వయసు లోపు శారీరక సంబంధానికి ‘ఇద్దరికీ ఇష్టమే’ అన్న మాటను చట్టం అంగీకారంగా లెక్కించదు. ఏ వైపు పెద్దవాళ్లు కేసు పెట్టినా ఇద్దరి చదువులూ చిక్కుల్లో పడతాయి. ఇష్టపడటాన్ని ఏ చట్టమూ ఆపదు, లైబ్రరీలో కూర్చుని మాట్లాడుకోవడాన్నీ ఆపదు. ఈ వయసుకు అది తక్కువేమీ కాదు.

పాత విషయం అతనికి చెప్పాలా అన్నావు. చెప్పి తీరాలన్న బాకీ ఏమీ లేదు. గాయపడిన పిల్లలు చాలామంది, తమ కథంతా ముందే చెప్పకపోతే మోసం చేసినట్టవుతుందని అనుకుంటారు, లేదా కథంతా చెప్పేసి అవతలి మనిషి పారిపోతాడో లేదో చూస్తారు. రెండూ వద్దు. ఇప్పటికి అతనికి తెలియవలసింది ఇంతే: ‘నువ్వు అడిగినదానికి నేను జవాబు చెప్పకపోవడం నీ మీద అయిష్టంతో కాదు. ఒకసారి నా మాటలు బయటపెట్టి నన్ను నవ్వులపాలు చేశారు. అందుకని నాకు దగ్గరవడం ఆలస్యమవుతుంది. తొందరపెట్టవద్దు.’ దీనిని ఎదురుగా ఉన్నప్పుడు నోటితో చెప్పు, మెసేజ్‌లో రాయవద్దు. రాత మీద నీకు ఉన్న జాగ్రత్త పిరికితనం కాదు, అనుభవం నేర్పిన తెలివి. దానిని వదులుకోమని నేను చెప్పను.

మొత్తం కథను మొదట వినవలసిన మనిషి మాత్రం ఆ అబ్బాయి కాదు. ప్రథమ ప్రేమ మీద అంత బరువు మోపితే అది నిలవదు; పదిహేడేళ్ల కుర్రాడు వైద్యుడూ కాదు, తండ్రీ కాదు. మూడేళ్లుగా నీకు అన్నం పెడుతున్న అమ్మమ్మ ఉంది. నిన్ను ఆ ఊరికి ఎందుకు పంపించారో ఆమెకు ఎంతో కొంత తెలిసే ఉంటుంది, అయినా నిన్ను ఒక్కసారీ దెప్పలేదని నువ్వే రాశావు. ఆమెకు చెప్పి చూడు. నిద్ర పట్టకపోవడం, తిండి సహించకపోవడం, చదివింది తలకెక్కకపోవడం వారాల తరబడి సాగుతూ ఉంటే 14416కు ఫోన్ చెయ్యి. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ అది. ఖర్చు లేదు, తెలుగులో మాట్లాడతారు.

ఇక మీ నాన్నగారు. మన ఇళ్లలో మాట్లాడటం మానేయడాన్ని శిక్షగా ఎవరూ లెక్క వేయరు, ‘కొట్టలేదు, తిట్టలేదు’ అని నువ్వు కూడా ఆయన తరఫున చెప్పుకున్నావు. అది శిక్షే, నీకు నొప్పి కలగడం సహజమే. అలా అని ఆయనకు నీ మీద ప్రేమ పోయిందని కూడా నేను అనుకోవడం లేదు. చాలామంది తండ్రులకు కోపంతో మూసిన నోటిని మళ్లీ ఎలా తెరవాలో తెలియదు, రోజులు గడిచేకొద్దీ అహం కంటే సిగ్గే ఎక్కువ అడ్డుపడుతుంది. ఈసారి సెలవులకు వెళ్లినప్పుడు, ఆయన ఫీజు సంగతి అడిగితే జవాబు చెప్పి ఆగిపోకుండా, కాలేజీలో జరిగింది ఒకటి కలిపి చెప్పు. తప్పు ఒప్పుల పంచాయితీ పెట్టవద్దు. ఆయన వింటే సంతోషం. వినకపోతే మాత్రం, ఆయన నీతో మాట్లాడే రోజు వరకు నిన్ను ఇష్టపడే వాళ్లందరినీ గుమ్మం బయటే నిలబెట్టాలని అనుకోవద్దు. ఆ రెండు లెక్కలూ వేరు.

ప్రశ్న: నమస్కారమండీ. మా వారు వేరే ఆమెతో వెళ్లిపోయేటప్పటికి మా అమ్మాయికి 11 ఏళ్లు. టైలరింగ్ చేసుకుంటూ దానిని చదివించుకుంటున్నాను. ఇప్పుడు 16 నిండాయి. నిన్న మొన్నటి వరకు అబ్బాయిల పేరెత్తితే ‘మగవాళ్లందరూ అంతేనమ్మా’ అనేది. కొన్నాళ్లుగా ఫోన్ పట్టుకుని ఎవరితోనో నవ్వుతూ మాట్లాడుతోంది. ఒకరోజు ఫోన్ తీసి చూశాను, క్లాసులో అబ్బాయి. ఇద్దరూ గంటల తరబడి మాట్లాడుకుంటారు. దాని జీవితం కూడా నాలాగే అవుతుందేమోనని నాకు నిద్ర పట్టడం లేదు. ఫోన్ తీసేసుకోవాలా?
— ఒక తల్లి, సిద్దిపేట

జవాబు: వద్దండీ. ఫోన్ లాక్కుంటే అబ్బాయి పోడు, మీకు చెప్పే అలవాటు పోతుంది. ఒంటరిగా పెంచుకుంటూ వచ్చిన మీ భయం నాకు అర్థమవుతోంది, కానీ దానిని రెండు భాగాలు చేసి చూడాలి. పదహారేళ్ల పిల్ల విషయంలో ఏ తల్లికైనా ఉండవలసిన జాగ్రత్త ఒకటి. మీ భర్త మీకు చేసిన అన్యాయం నుంచి పుట్టిన భయం ఇంకొకటి. మొదటిది అమ్మాయికి అవసరం. రెండోది మీది, దానిని ఆ పిల్ల మోయకూడదు.

‘మగవాళ్లందరూ అంతే’ అన్న మాట పదకొండేళ్ల పిల్లకు సొంతంగా పుట్టే మాట కాదని మీకూ తెలుసు. మీరు ఏడ్చిన రాత్రుల్లో ఆ పిల్ల విన్న మాట అది. మిమ్మల్ని తప్పు పట్టడానికి ఈ సంగతి ఎత్తడం లేదు. ఆ రోజుల్లో ఆ మాట మీకు ఆసరా అయి ఉంటుంది. ఇప్పుడు మాత్రం మీ అమ్మాయి ఆ అబ్బాయితో నవ్వుతూ మాట్లాడిన ప్రతిసారీ, అమ్మకు ద్రోహం చేస్తున్నానేమో అన్న అపరాధభావం వెంటాడే అవకాశం ఉంది. అందుకే మీరే ఒకసారి కూర్చోబెట్టి చెప్పాలి: మీ నాన్న చేసినది ఇది, దానివల్ల నేను పడిన కష్టం ఇది, అది ఒక మనిషి చేసిన పని, అందరూ అలా చేస్తారని నేను అనుకోవడం లేదు. మనస్ఫూర్తిగా అనలేకపోతే, అనుకోకుండా ఉండటానికి ప్రయత్నిస్తున్నానని అయినా చెప్పండి. పిల్లలు నటనను ఇట్టే పట్టేస్తారు.

గంటల తరబడి ఏం మాట్లాడుకుంటారని మీ అనుమానం. మానవ వికాస దశల గురించి రాసిన ఎరిక్ ఎరిక్సన్, కౌమార ప్రేమలో అత్యధిక భాగం సంభాషణే అని ఎప్పుడో గమనించాడు. తాము ఎలాంటివాళ్లమో ఎదుటి మనిషి కళ్లలో చూసుకుని తేల్చుకోవడానికి ఆ వయసు పిల్లలు అంతగా మాట్లాడుకుంటారని ఆయన అభిప్రాయం. లెక్చరర్ల మీద చాడీలు, సినిమాలు, భవిష్యత్తు, ఇంట్లో గొడవలు... అవే తిరిగి తిరిగి. తండ్రి వెళ్లిపోయిన పిల్లకు, తను మాట్లాడుతుంటే ఎవరో శ్రద్ధగా వినడం ఎంత అవసరమో ఊహించండి. ఆ వినే మనిషి స్థానంలో మీరూ ఉండాలి. మిషన్ మీద పని చేస్తూనే అయినా, రోజుకు కొంతసేపు సలహా ఇవ్వకుండా వినండి. సలహా ఇవ్వకుండా అన్న మాటను గట్టిగా పట్టుకోండి.

దొంగచాటుగా ఫోన్ చూసిన సంగతి మీరే చెప్పేయండి, తనకు తెలిసేదాకా ఆగవద్దు. ఆ తర్వాత అబ్బాయి పేరు, ఊరు, వయసు, ఏం చదువుతున్నాడన్నది నేరుగా అడగండి. రాత్రి పది దాటాక ఫోన్ హాల్లో ఉండాలి, ఒంటరి చోట్లకు వెళ్లకూడదు, ఫోటోలు పంపకూడదు, ఏ ఇబ్బంది వచ్చినా ముందు నాకే చెప్పాలి, చెబితే తిట్టను — ఈ నియమాలు పెట్టండి. చివరి మాటను నిలబెట్టుకోవడమే మీకు కష్టం, మిగతావన్నీ సులువే. ఒకవేళ ఆ స్నేహం ఆరు నెలల్లో ముగిసి మీ అమ్మాయి ఏడిస్తే, ‘నేను ముందే చెప్పాను’ అనవద్దు. భర్త వెళ్లిపోవడమూ, పదహారేళ్ల వయసులో ఒక స్నేహం చెదిరిపోవడమూ ఒకే స్థాయి విషయాలు కావు. ఆ తేడా ఆమె ఏడ్చి, తేరుకున్నాకే ఆమెకు తెలుస్తుంది.

ప్రశ్న: నాకు 18 నిండాయి, డిగ్రీ మొదటి సంవత్సరం. మా బస్సులో వచ్చే ఇంటర్ చదివే అమ్మాయి, నేను ఒకరంటే ఒకరం ఇష్టపడుతున్నాము. చిన్నప్పుడు బంధువుల ఇంట్లో పెరుగుతూ తను చాలా మాటలు పడిందట, అంతకుమించి చెప్పదు. నాలుగు రోజులు బాగా మాట్లాడి, వారం రోజులు పలకదు. నన్ను నమ్మవచ్చని తనకు ఎలా నిరూపించాలి?
— ఓ యువకుడు, విజయనగరం

జవాబు: బాబూ, నిరూపించాలన్న ఆరాటమే తగ్గించుకో. నువ్వు నిరూపించుకుంటున్న కొద్దీ, దానికి బదులుగా తాను నమ్మి తీరాలన్న ఒత్తిడి ఆ అమ్మాయి మీద పడుతుంది. బర్త్‌డేకు ఖరీదైన కానుకలు, చేతి మీద పేరు రాసుకోవడాలు, అర్ధరాత్రి పొడవాటి మెసేజ్‌లు ఇలాంటి పిల్లలను బెదరగొడతాయి. మాటలు పడుతూ పెరిగిన పిల్లకు, ఎదుటి మనిషి ఈ రోజు ఉన్నట్టే రేపు కూడా ఉంటాడా అన్నది పెద్ద సందేహం. కాబట్టి శనివారం ఫోన్ చేస్తానంటే శనివారమే చెయ్యి. చేయలేనంటే ముందే చెప్పు. ఆమె పలకని వారంలో కోపం తెచ్చుకుని నువ్వూ పలకడం మానేయవద్దు, అలాగని రోజుకు ఇరవైసార్లు ‘ఏమైంది’ అని అడగవద్దు. ‘నీకు మాట్లాడాలనిపించినప్పుడు మాట్లాడు, నేను బాగానే ఉన్నాను’ అన్న ఒక్క మాట చాలు. ఆ మాట అన్న తర్వాత నిజంగానే బాగా ఉండాలి సుమా. నీ చదువు, నీ స్నేహితులు, నీ క్రికెట్ నీకు ఉండాలి.

ఆమె కథను తవ్వవద్దు. చెప్పినంత విను. చెప్పినదాన్ని నీ స్నేహితులలో ఒక్కరికి కూడా, ఎంత దగ్గరివాడికైనా సరే, చెప్పవద్దు. బంధువుల ఇంట్లో ఆమె పడినవి మాటలేనా, అంతకంటే పెద్ద హాని ఏదైనా జరిగిందా, ఇప్పటికీ జరుగుతోందా అన్న అనుమానం నీకు కలిగితే దానిని నువ్వొక్కడివే మోయకు. 1098 నంబరు ఆమెకు ఇవ్వు. ఆమె నమ్మే టీచరు ఎవరైనా ఉంటే వారి దగ్గరికి తోడు వెళ్లు.

ఆమెకు ఇంకా 18 నిండలేదు, నీకు నిండాయి. మొదటి జవాబులో నేను చెప్పిన పోక్సో చట్టం ముందు నువ్వు పెద్దవాడివి, ఆమె మైనరు. ఆమె ఇష్టపడినా ఆ తేడా చెరిగిపోదు. కాబట్టి హద్దులు పెట్టే పని ఆమెకు వదిలేయకుండా నువ్వే పెట్టుకో, పెట్టుకున్నట్టు ఆమెకు చెప్పు కూడా. ఇలాంటి మాట విని ఊపిరి పీల్చుకున్న అమ్మాయిలను నేను చూశాను. చివరకు ఆమె ‘వద్దు’ అనే అవకాశం కూడా ఉంది. అలా అంటే కారణాలు అడగకుండా ఒప్పుకో. మర్నాడు బస్సులో మామూలుగా పలకరించు. పలకరించవద్దంటే అదీ మానేసి, ముందు తలుపు దగ్గర ఎక్కడం అలవాటు చేసుకో.